కల్పన దిగివచ్చిన పల్లెలు: పాలమూరులో ఉపగ్రహ దూరదర్శనం (1975–76)

సైన్సు ఫిక్షను అనే మాటకు తెలుగులో విజ్ఞాన కల్పన, వైజ్ఞానిక కల్పన అనే పర్యాయపదాలు వాడుకలో ఉన్నాయి. కల్పన అనగానే లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడమనే అర్థమే మనకు ముందుగా స్ఫురిస్తుంది. ధాతువును బట్టి చూస్తే కల్పించడమంటే ఏర్పరచడం, సమకూర్చడం. వసతి కల్పించారు, అవకాశం కల్పించారు అన్నప్పుడు ఆ పాత అర్థమే నేటికీ పలుకుతున్నది. ఒక రచయిత మొదటి అర్థంలో కల్పించినదాన్ని కొందరు శాస్త్రజ్ఞులు రెండవ అర్థంలో కల్పించి చూపిన ఘట్టం మన ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో జరిగింది. జరిగి యాభై ఏళ్ళయింది. ఈనాటి పిల్లలకు ఆ సంగతి తెలియదు. పెద్దలలో కూడా గుర్తున్నవారు తగ్గిపోతున్నారు. అందుచేత దాని తెరవెనుక కథను నాకు తెలిసినంత మేరకు ఇక్కడ పొందుపరుస్తున్నాను.

అసలు కథలోకి వెళ్ళేముందు, విజ్ఞాన కల్పనను బుల్లితెరకు ఎక్కించేవారి పాట్లు రెండు చెప్పాలి. ఇంగ్లండులో బి.బి.సి. సంస్థ 1963 నవంబరు 23న ‘డాక్టర్ హూ’ అనే ధారావాహికను ప్రారంభించింది. అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య జరిగిన మర్నాడది. అందులో కథానాయకుడు కాలంలోనూ ఆకాశంలోనూ ప్రయాణించే యంత్రం ఒకటుంది. వెళ్ళిన చోటునుబట్టి అది రూపు మార్చుకోవాలని మొదటి ఊహ. ప్రతివారమూ కొత్త రూపు కట్టాలంటే డబ్బు చాలదు. అందుకని ఆ రూపు మార్చుకునే మర చెడిపోయిందని కథలోనే ఒక మాట చేర్చి, లండను వీధుల్లో నిలబడి ఉండే నీలిరంగు పోలీసు పెట్టె రూపంలోనే దాన్ని శాశ్వతంగా నిలిపివేశారు. అమెరికాలో 1966 సెప్టెంబరులో మొదలైన ‘స్టార్ ట్రెక్’ వారిదీ ఇదే అవస్థ. కథలో ప్రతివారమూ ఒక కొత్త గ్రహం మీద నౌక దిగాలి. ఆ దిగడాన్ని చిత్రించడానికి అయ్యే ఖర్చు భరించలేక, మనుషులు ఒకచోట మాయమై మరొకచోట ప్రత్యక్షమయ్యే యంత్రాన్ని సృష్టించారు. ప్రేక్షకులు దాన్ని మహాద్భుతమైన ఊహగా భావించారు. దాని పుట్టుక మాత్రం జమాఖర్చుల పుస్తకంలో ఉన్నది. లేమి ఉపాయానికి తల్లి అని మన పెద్దలకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ సూత్రం పాలమూరు కథలో మళ్ళీ ఎదురవుతుంది కాబట్టి దీన్ని మనస్సులో ఉంచుకోవలసిందిగా పాఠకులకు మనవి.

ఇక ఆ కల్పన చేసిన రచయిత ఎవరంటే ఆర్థర్ సి. క్లార్క్. 1945 నాటికి ఆయన బ్రిటిషు వైమానిక దళంలో రాడారు పనిలో ఉన్న యువకుడు. ఆ సంవత్సరం అక్టోబరులో ‘వైర్‌లెస్ వరల్డ్’ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించాడు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక వస్తువును తిప్పితే, అది భూమి చుట్టూ తిరగడానికి పట్టే సమయమూ, భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టే సమయమూ ఒక్కటే అవుతాయి. కిందినుంచి చూసేవారికి అది ధ్రువనక్షత్రంలా కదలక నిలిచినట్లే ఉంటుంది. అలాంటి కక్ష్య ఉన్నదన్న సంగతి అంతకుముందే కొందరికి తెలుసు. అక్కడ ప్రసార కేంద్రాలను నిలిపితే మూడింటితో భూగోళమంతటికీ వార్తలు అందించవచ్చని లెక్కకట్టి విశదంగా చెప్పినవాడు క్లార్క్. ఆనాటికి మానవుడు ఆకాశంలోకి చిన్న ఉపగ్రహాన్ని కూడా పంపలేదు. మొదటి స్పుత్నిక్‌కు ఇంకా 12 ఏళ్ళ వ్యవధి ఉన్నది. క్లార్క్ తన ఊహకు పేటెంటు తీసుకోలేదు. 1956 నుంచి సింహళంలో స్థిరపడి కథలు, నవలలు రాసుకుంటూ జీవించాడు.

మన దేశంలో ఆ ఊహను అందరికన్న ముందు పట్టుకున్నవాడు డాక్టర్ విక్రం సారాభాయి. పట్టణాల్లో మొదలై మెల్లమెల్లగా పల్లెకు పాకే దూరదర్శనం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ దారిన పోతే మారుమూల పల్లెకు చేరేసరికి రెండు తరాలు గడిచిపోతాయి. ఉపగ్రహానికి ఢిల్లీ, గద్వాల రెండూ ఒక్కటే. పైనుంచి చూసేదానికి దగ్గర, దూరం అనే భేదం లేదు. కాబట్టి ముందు పల్లెకే పంపుదామన్నది ఆయన వాదం. 1967 జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 గ్రామాల్లో కృషిదర్శన్ అనే రైతుల కార్యక్రమాన్ని ప్రారంభించి, పల్లెవారు దూరదర్శనం చూసి ప్రయోజనం పొందగలరా అన్నది పరీక్షించారు. 1969 సెప్టెంబరు 18న మన అణుశక్తి శాఖకూ, అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకూ ఒడంబడిక కుదిరింది. ఒక సంవత్సరంపాటు నాసా తన ఉపగ్రహాన్ని మనకు ఉచితంగా ఇస్తుంది. నేలమీది యంత్రాలూ, కార్యక్రమాలూ, వాటి నిర్వహణా పూర్తిగా మనవి. దీనికి పెట్టిన ఆంగ్లనామంలోని మొదటి అక్షరాలను కూర్చి ‘సైట్’ అని పిలిచారు. ఉపగ్రహ బోధన దూరదర్శన ప్రయోగం అని దాన్ని తెలుగు చేయవచ్చు. సారాభాయి 1971 డిసెంబరు 30న కీర్తిశేషుడయ్యాడు. తన కలను తెరమీద చూసే యోగం ఆయనకు లేకపోయింది.

ఆ ఉపగ్రహం పేరు ఎ.టి.ఎస్.-6. దాన్ని 1974 మే 30న ప్రయోగించారు. ఆకాశంలోకి వెళ్ళిన తరువాత గొడుగు విచ్చినట్లు విచ్చుకునే 9 మీటర్ల వెడల్పు గల యాంటెన్నా దాని ప్రత్యేకత. మొదటి ఏడాది అమెరికాలోని కొండ ప్రాంతాలకూ, అలాస్కా పల్లెలకూ విద్య, వైద్య కార్యక్రమాలను అందించింది. ఆ తరువాత దాన్ని మెల్లగా తూర్పుకు జరిపి, ఆఫ్రికా ఖండపు తూర్పు భాగానికి పైన, 35 డిగ్రీల రేఖాంశం వద్ద నిలిపారు. 1975 ఆగస్టు 1న మన దేశంలో ప్రసారాలు మొదలైనాయి. ఆరు రాష్ట్రాలు, 20 జిల్లాలు, సుమారు 2,400 గ్రామాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాలు హైదరాబాదు, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు. మా నల్లగొండకు ఆ భాగ్యం దక్కలేదు. కృష్ణకు అటు కర్నూలు, ఇటు పాలమూరు వరుసలో కూర్చుని చూస్తుంటే, డిండి వాగుకు ఇవతల ఉన్న మేము విని ఆనందించవలసి వచ్చింది.

ఇప్పుడు లేమి, ఉపాయం సంగతికి వద్దాం. మామూలుగా ఉపగ్రహం పంపే సంకేతం నేలకు చేరేసరికి మిక్కిలి బలహీనపడుతుంది. దాన్ని పట్టడానికి ఇంటి పరిమాణం గల పెద్ద పళ్ళేలు, కోట్ల ఖర్చు అవసరమయ్యే రోజులవి. ఎ.టి.ఎస్.-6 ప్రసారిణి శక్తి 80 వాట్లు. నడిమింట్లో వేలాడే బల్బుకు పట్టేంత శక్తి! అయితే ఆ గొడుగు యాంటెన్నా ఆ కొద్దిపాటి శక్తిని చెదరనీయకుండా మన దేశం వైపే గుప్పించేది. అందుచేత కింద చిన్న సాధనం సరిపోయింది. ఆ చిన్న సాధనం ఏమిటనుకున్నారు? కోళ్ళగూళ్ళకు బిగించే ఇనుప జాలీ! అలాంటి జాలీతో సుమారు 3 మీటర్ల వ్యాసంగల యాంటెన్నాను అల్లారు. జాలీలో కన్నాలున్నా తరంగానికి అవి కన్నాలు కావు. తరంగం పొడవుకన్న కన్నం చాలా చిన్నదైతే తరంగానికి అది గోడే. 860 మెగాహెర్ట్జుల వద్ద ప్రసారమయ్యే తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు, అంటే జానెడున్నర పైచిలుకు. జాలీ కన్నమో, బొటనవేలు దూరేంత. ఇంకొక లాభం కూడా ఉంది. రేకుతో చేసిన పళ్ళెమైతే గాలివానకు గాలిపటంలా ఎగిరిపోతుంది. జాలీలోనుంచి గాలి దూరిపోతుంది. తేలిక, చవుక, మరమ్మతు సులభం. పోలీసు పెట్టెను కాలయంత్రం చేసినవారి ఉపాయానికి ఇది ఏ విధంగానూ తీసిపోదు.

ఆ పెట్టెలను తయారుచేసినది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రంలో రూపకల్పన జరిగింది. ఎండకు, దుమ్ముకు, హెచ్చుతగ్గుల కరెంటుకు తట్టుకునేలా వాటిని చేయవలసి వచ్చింది. పాలమూరు వేసవిని ఎరిగినవారికి ఆ పని ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. కరెంటు లేని కొన్ని ఊళ్ళలో బ్యాటరీలతో నడిపించారు. పెట్టెను బడిలోనో, పంచాయతీ కార్యాలయంలోనో ఉంచి, తాళంచెవి ఊళ్ళో ఒకరికి అప్పగించేవారు. జాలీ యాంటెన్నా ముఖం పడమటి ఆకాశం వైపు, కొంచెం దక్షిణానికి ఒరిగి ఉండేది. అహమ్మదాబాదు భూకేంద్రం నుంచి బయలుదేరిన మాట ఆకాశానికి ఎక్కి తిరిగి పల్లెకు దిగడానికి మొత్తం డెబ్బై వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. పట్టిన సమయం సెకనులో నాలుగోవంతు. ఆకాశవాణి అనే మాట అక్షరాలా సార్థకమైన సందర్భమిది. విశేషమేమంటే, అప్పటికి దూరదర్శన్ ఇంకా ఆకాశవాణిలో భాగమే. 1976 ఏప్రిల్ 1న గాని అది వేరుపడి స్వతంత్ర శాఖ కాలేదు.

యంత్రం సంగతి ఇంతటితో ముగిసింది. అసలు చిక్కంతా ఆ యంత్రంలో ఏమి చూపాలన్నదానితోనే వచ్చింది.

కార్యక్రమాల తయారీకి ఢిల్లీ, కటక్, హైదరాబాదులలో మూడు కేంద్రాలు నెలకొల్పారు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదులో తయారై, టేపులకెక్కి, ఉత్తరాదికి ప్రయాణించి, అక్కడినుంచి ఆకాశానికి లేచి, మళ్ళీ పాలమూరులో దిగేవి. హైదరాబాదు నుంచి మహబూబ్‌నగర్ వంద కిలోమీటర్లు. ఆ మాట మాత్రం ఆఫ్రికా పైనున్న ఆకాశాన్ని చుట్టివచ్చేది! రోజుకు మొత్తం నాలుగు గంటల ప్రసారం. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. ఉదయపు గంటన్నరను హిందీ, ఒడియా, తెలుగు, కన్నడం అనే నాలుగు భాషలు పంచుకోవాలి. ఒక్కొక్క భాషకు ఇరవైరెండున్నర నిమిషాలు. తెలుగు పిల్లలకు దక్కిన రోజువారీ వాటా అదే. ఒక బొమ్మకు రెండు ధ్వనిమార్గాలను జతచేసే వీలు ఆ ఉపగ్రహంలో ఉండేది. ఒకే చిత్రం కింద తెలుగు ఒక దారిన, కన్నడం ఒక దారిన నడవగలవన్నమాట. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానం తరువాత ఈ రెండు భాషలు ఒకే చూరు కింద అంత సన్నిహితంగా మెలగిన చోటు మరొకటి ఉన్నదో లేదో నేను చెప్పలేను.

ఐదు మొదలు పన్నెండేళ్ళ పిల్లల కోసం విజ్ఞాన కార్యక్రమాలను చాలవరకు ఇస్రో సంస్థ తన బొంబాయి స్టూడియోలో తీసింది. అంతరిక్ష ఉపయోగ కేంద్రానికి అప్పుడు సంచాలకుడు ప్రొఫెసర్ యశ్‌పాల్. విశ్వకిరణాల పరిశోధకుడైన ఆ పెద్దమనిషికి పిల్లల ప్రశ్నలంటే ప్రాణం. విజ్ఞానమంటే కంఠస్థం చేయవలసిన సమాచారం కాదనీ, చుట్టూ ఉన్నదాన్ని చూసి ప్రశ్న వేయడమనీ చూపించడం ఆ కార్యక్రమాల లక్ష్యం. దీనికి కూడా లేమి అడ్డు తగిలింది. తీసేవారి ముందు ప్రయోగశాల ఉండవచ్చు గాని చూసేవారి బడిలో గాజు గొట్టం కూడా లేదు. తెరమీద మెరిసే పరికరాలను చూపితే పిల్లవాడు నోరు వెళ్ళబెట్టి చూస్తాడే తప్ప తాను చేసి చూడలేడు. కాబట్టి ఇంట్లో, పొలంలో దొరికే వస్తువులతోనే ప్రయోగాలు కూర్చాలి. ఇంకొక చిక్కు, తెరమీది పాఠం ఆగదు. నా తరగతిలో ఒక పిల్లవాడి కళ్ళలో అయోమయం కనిపిస్తే నేను పాఠం ఆపి వెనక్కి వెళ్ళగలను. పెట్టెలోని పంతులు వెళ్ళలేడు. వినేవాణ్ణి చూడకుండా చెప్పడమనేది ఉపాధ్యాయవృత్తిలో అన్నిటికన్న కఠినమైన పరీక్ష. ఆ కొరత తీర్చడానికి పరిశోధకులను పల్లెల్లో కూర్చోబెట్టి, ఏది అర్థమైంది, ఏది కాలేదు అన్న సంగతి ఎప్పటికప్పుడు తెప్పించుకున్నారు. కొన్ని ఎంపిక చేసిన గ్రామాల్లో మానవశాస్త్ర పరిశోధకులు నెలల తరబడి కాపురముండి, ఆ పెట్టె రాకముందు, ఉన్నప్పుడు, పోయిన తరువాత ఊరి జీవితం ఎలా ఉన్నదో గమనించి రాశారు. ఇంతటి శ్రద్ధతో పరిశీలింపబడిన దూరదర్శన ప్రేక్షకులు ప్రపంచంలోనే అరుదు.

భాషా పండితుడనైన నాకు ఈ కథలో అన్నిటికన్న పట్టి ఉంచే అంశం భాష. నాలుగు జిల్లాలకు ఒకే తెలుగు పోవాలి. ఆ తెలుగు ఎవరిది? మక్తల్‌లో, నారాయణపేటలో కన్నడ, మరాఠీ పలుకుబడులు కలిసిన తెలుగు. నదికి ఆవల కర్నూలులో రాయలసీమ యాస. నగరానికి దగ్గరి పల్లెల్లో ఉర్దూ మాటలు పాలలో పంచదారలా కలిసిన తెలుగు. స్టూడియోలో పలికినదో, రేడియో వార్తలకూ పాఠ్యపుస్తకాలకూ అలవాటుపడిన శిష్టభాష. మడికి నీళ్ళు కట్టే రైతుకు నీటి యాజమాన్యం అంటే ఎవరి అధికారమో అనిపిస్తుంది. పశువుకు గాలికుంటు వచ్చిందంటే తెలుస్తుంది గాని దాని శాస్త్రనామం చెబితే తెలియదు. ఈ ఇబ్బంది తెలుగుకే పరిమితం కాదు. హిందీ ప్రసారాలను చూసిన రాజస్థాన్, బీహారు, మధ్యప్రదేశ్ పల్లెల్లోనూ ఇంట్లో మాట్లాడే మాట వేరు, పెట్టెలో వినిపించే మాట వేరు. బొమ్మ గడప దాకా వచ్చినా మాట లోపలికి రాక వాకిట్లోనే నిలిచిపోయిన సందర్భాలెన్నో ఉండి ఉంటాయి.

ఇందులో న్యాయాన్యాయాల ప్రశ్న కూడా ఉన్నది. తెలంగాణలో కవులే లేరన్న నిందకు జవాబుగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ పాలమూరు బిడ్డే. ఆ నిందకు అక్షరంతో సమాధానం దొరికింది. తెరకు మాత్రం అప్పటికి సమాధానం లేదు. పల్లెవాడి భాష నాటకంలో హాస్యానికీ, ఉపన్యాసంలో సవరణకూ తప్ప ఉపయోగపడదన్న అలవాటు ఆనాటి ప్రసార సాధనాలన్నిటిలోనూ కరడుగట్టి ఉండేది. ఉపగ్రహం దూరాన్ని జయించింది. ఈ అలవాటును జయించడం దాని పని కాదు, మనుషుల పని.

సాయంత్రపు ప్రసారాల్లో వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పశుపోషణ, ఆటపాటలు ఉండేవి. దేశమంతటికీ ఉమ్మడిగా అరగంట హిందీ కార్యక్రమం కూడా ఉండేది. మొదటి రోజుల్లో ఊరు ఊరంతా తరలివచ్చింది. కొత్త తీరిన తరువాత పెట్టెకు సుమారు నూరుమంది చొప్పున స్థిరపడ్డారు. అది అత్యవసర పరిస్థితి కాలం. 1975 జూన్ 25న దాన్ని ప్రకటించారు, ఆగస్టు 1న ప్రసారాలు మొదలైనాయి. కాబట్టి ప్రభుత్వం మాట తప్ప మరొక మాట ఆ పెట్టెలోనుంచి వచ్చే అవకాశం లేదు. ఇంకొక సంగతి. పాలమూరు జొన్న, ఆముదం, వేరుసెనగ పండే మెట్టసీమ. వానలు మొగం చాటేస్తే సగం ఊరు మేస్త్రీల వెంట ప్రాజెక్టు పనులకు వలసపోయే నేల. దేశంలో ఏ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీల చెమట అందులో కలిసిందని చెప్పుకుంటారు. అటువంటి ఊరిలో తెరముందు మిగిలేవారు ముసలివారు, పిల్లలు, ఇల్లు కదలలేని ఆడవారు. ఎవరి కోసం వ్యవసాయ పాఠం చెప్పారో అతడు ఎక్కడో మట్టి మోస్తూ ఉండేవాడు.

అయినా ఫలితం శూన్యమని చెప్పడం అన్యాయం. అధ్యయనాల్లో తేలిన విశేషాలలో ముఖ్యమైనది, ఆరోగ్యం, పోషణ వంటి విషయాల్లో స్త్రీల తెలివిడి స్పష్టంగా పెరగడం. అక్షరం రాని ఇల్లాలికి అప్పటిదాకా సమాచారం అందించే సాధనమే లేదు. పుస్తకం చదవలేదు, సభకు రానివ్వరు. సాయంత్రం బడి ఆవరణలో నలుగురితో కూర్చుని చూడడానికి మాత్రం అభ్యంతరం తగ్గింది. పిల్లల విషయంలో, బడిలో చేరేవారి సంఖ్య, మానేసేవారి సంఖ్య చెప్పుకోదగినంతగా మారలేదు. భాషాసామర్థ్యం మాత్రం మెరుగుపడినట్లు గుర్తించారు. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో గడిపినవాణ్ణి. బడి మానిన పిల్లవాణ్ణి తిరిగి రప్పించేది ఇంట్లో గింజలే గాని తెరమీది బొమ్మలు కావని అనుభవం మీద చెప్పగలను. మాట పెరగడం మాత్రం తక్కువ లాభమేమీ కాదు.

ఈ ప్రయోగంలో ఉపాధ్యాయులకు సంబంధించిన అధ్యాయం ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞాన బోధనలో శిక్షణ ఇవ్వడానికి ఈ ఉపగ్రహాన్నే వినియోగించారు. రెండు విడతలుగా, ఒక్కొక్క విడత పన్నెండు రోజులు. ఆరు రాష్ట్రాల్లో కలిపి యాభై వేలకు దగ్గరగా ఉపాధ్యాయులు ఈ విధంగా శిక్షణ పొందారు. తెరమీద పాఠం, రేడియోలో ప్రసంగం, చేతిలో అచ్చు పుస్తకం, అక్కడే కూర్చుని చేయవలసిన ప్రయోగం, ఈ నాలుగూ కలగలిసిన పద్ధతి అది. అంతమందిని ఒకేసారి పట్టణానికి పిలిపించి, బస చూపి, భోజనం పెట్టి నేర్పడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ఆ శిక్షణలో కూర్చున్న పెద్దలతో తరువాతి కాలంలో కలిసి పనిచేసే అవకాశం నాకు కలిగింది. వారి తరగతి గదుల్లో ఒక వింత అలవాటు చూశాను. విజ్ఞాన పాఠానికి పుస్తకం తెరిచేముందు పిల్లలను ఆరుబయటికి తీసుకుపోయేవారు. ఎండలో నిలబెట్టిన కర్ర నీడను పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిపించేవారు. ఉపగ్రహం పోయినా ఆ కర్ర నీడ మిగిలింది.

మరి కల్పన చేసిన రచయిత ఏమయ్యాడు? మన ఇస్రో వారు ఆయనను మరచిపోలేదు. ప్రసారాలు మొదలైన రోజుల్లోనే ఇంజనీర్లు కొలంబో వెళ్ళి, క్లార్క్ ఇంటివద్ద ఒక యాంటెన్నా నిలిపి, పెట్టెను అమర్చి వచ్చారు. శ్రీలంకలో అప్పటికి దూరదర్శన ప్రసారాలు లేవు. కాబట్టి ఆ ద్వీపం మొత్తం మీద అలాంటి సాధనం ఉన్న ఇల్లు ఆయనదే. ముప్ఫై ఏళ్ళ క్రితం కాగితం మీద గీసిన బొమ్మలోనుంచి మాట దిగివచ్చి తన ఇంట్లో వినిపించడం ఏ రచయితకు దక్కుతుంది! ఆ సాయంత్రాల్లో పాలమూరు పల్లెలోని వృద్ధురాలు, కొలంబోలోని జగత్ప్రసిద్ధ రచయిత ఒకే ప్రసారాన్ని చూడగలిగే స్థితిలో ఉన్నారు. సారాభాయి చెప్పిన సమానత్వం అక్కడ అక్షరసత్యమైంది.

1976 జులై 31తో గడువు ముగిసింది. ఉపగ్రహాన్ని నాసా తిరిగి తీసుకున్నది. దాన్ని మరికొంత కాలం ఉండనివ్వాలని కోరినవారున్నారు. అరువు సొమ్ము బరువు చేటన్నట్లు, అరువు తెచ్చుకున్న ఆకాశం మన చేతుల్లో నిలవదు. జాలీ యాంటెన్నాల ముఖం పడమటికే ఉన్నది, అటునుంచి వచ్చే మాట లేదు. ఏడాదిపాటు రోజూ పలికిన పెట్టె మర్నాటి సాయంత్రం మూగబోవడమంటే ఏమిటో ఆ ఊళ్ళవారికే తెలియాలి. ఈ ప్రయోగాన్ని కొనసాగించే నిమిత్తం నేలమీద ప్రసార కేంద్రాలు నిర్మించారు. వాటిలో భాగంగా 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైంది. ఆ కేంద్రం ప్రసార పరిధిలోకి వచ్చిన పల్లెలు బాగుపడ్డాయి. పరిధికి వెలుపల ఉన్న దక్షిణపు తాలూకాలు మళ్ళీ చీకట్లో పడ్డాయి. తెలుగునాట దూరదర్శనం రాజధానిలో పుట్టి పల్లెకు పాకిందని సాధారణంగా రాస్తుంటారు. అది సరికాదు. అది ముందు పల్లెలో పుట్టి, ఆ తరువాతనే నగరానికి వెళ్ళింది. ఈ మాటను మన చరిత్ర పుస్తకాల్లో సవరించుకోవలసి ఉన్నది.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఆకాశానికి చేరిన తరువాత మనకంటూ సొంత ప్రసార ఉపగ్రహం నిలదొక్కుకున్నది. 2004 సెప్టెంబరులో విద్యకే అంకితమైన ఎడ్యుశాట్ వచ్చింది. ఇక విజ్ఞాన కల్పన విషయానికొస్తే, దూరదర్శన్‌లో 1989 ప్రాంతంలో హిందీలో ‘స్పేస్ సిటీ సిగ్మా’, ‘ఇంద్రధనుష్’ వంటి ధారావాహికలు పిల్లలను ఆకట్టుకున్నాయి. తెలుగులో ఆ పని వెండితెర చేసింది. కాలేజీ రోజుల్లో చదివిన హెచ్. జి. వెల్స్ కాలయంత్రపు నవల స్ఫూర్తితో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. దాని తెరవెనుక కూడా ఒక చక్కని విశేషమున్నది. ఒకే చిత్రానికి పి. సి. శ్రీరామ్, వి. ఎస్. ఆర్. స్వామి, కబీర్ లాల్ అనే ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. వర్తమానం, రాయలకాలం, రాబోయే కాలం అనే మూడు కాలాలుగా సాగే కథకు అది ఎంత అమరిందో చూసినవారికి తెలుసు. అందులో కాలం మారినట్లు చెప్పడానికి భాషను కూడా సాధనంగా వాడుకున్నారు. రాయలవారి కొలువులో జంధ్యాలగారి సంభాషణలు గ్రాంథికపు గాంభీర్యం ధరిస్తాయి. నాకు ఒకే ఒక కోరిక మిగిలింది. రాబోయే కాలంలోకి వెళ్ళిన ఆ యంత్రం దిగగానే ఎదురయ్యే మనిషి పాలమూరు తెలుగు మాట్లాడితే ఎలా ఉండేది? భవిష్యత్తులో మన యాస కూడా ఉంటుందని చూపే కల్పన తెలుగులో ఎవరైనా చేయాలి.

ఉమ్మడి మహబూబ్‌నగర్ ఇప్పుడు ఐదు జిల్లాలైంది. సైట్ పెట్టె కూర్చున్న బడులు కొన్ని కూలి కొత్తవి లేచాయి. చాలా ఇళ్ళ మీద చిన్న పళ్ళేలు మొలిచాయి, చేతిచేతికీ ఫోను వచ్చింది. అయినా ఆనాటి ముఖ్య ప్రశ్న, అంటే ఎవరి భాషలో, ఎవరి అవసరం కోసం, ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న, అలాగే మిగిలింది. 1975లో పదేళ్ళ పిల్లలు ఇప్పుడు అరవై దాటారు. తాళంచెవి అప్పగింపబడిన పెద్దలలో జీవించి ఉన్నవారు బహుకొద్దిమంది. ఈ ప్రయోగాన్ని గురించి ఆంగ్లంలో నివేదికలు అలమారులకొద్దీ ఉన్నాయి. చూసిన పాలమూరువారి మాటల్లో, వారి తెలుగులో ఉన్న గ్రంథం ఒక్కటి కూడా నా కంటబడలేదు. ఈ వ్యాసం చదివిన ఉపాధ్యాయ మిత్రులు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేస్తున్న యువకులు తమ ఊళ్ళలోని వృద్ధులను కలిసి, వారు చెప్పినదాన్ని చెప్పినట్లే, యాస సవరించకుండా రాసిపెట్టాలని వేడుకుంటున్నాను. వారు చూసిన మొదటి బొమ్మ ఏది, అర్థం కాని మొదటి మాట ఏది అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెడితే చాలు. తక్కిన కథ వారే చెబుతారు.

స్వస్తి.